బోర్లా పడితే బొబ్బట్ల నుంచి షష్టిపూర్తి దాకా: వికాస మనోవిజ్ఞానం బట్టీ పట్టకుండా నేర్చుకోవడం ఎలా

మొదటిసారి టీచర్ల అర్హత పరీక్ష టెట్ రాసేటప్పటికి, మనిషి పుట్టుక నుంచి ముసలితనం దాకా ఎలా ఎదుగుతాడో చెప్పే వికాస మనోవిజ్ఞానంలో, పిల్లల ఆలోచన గురించి పియాజే చెప్పిన దశలు నాలుగూ, మొత్తం జీవితానికి ఎరిక్‌సన్ దశలు ఎనిమిదీ నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. విశాఖ మద్దిలపాలెంలో బస్సు కోసం నిలబడి కూడా అవే గొణుక్కునేదాన్ని. తీరా పరీక్షలో, ఒక చిన్నపాపని ఫోన్‌లో నాన్న "అన్నం తిన్నావా" అని అడిగితే నోటితో ఏమీ చెప్పకుండా తల ఊపింది, ఇది దేనికి ఉదాహరణ అన్న తరహా ప్రశ్న వచ్చింది. ఏదో పెట్టాను, తప్పు. ఇంటికొచ్చేసరికి మా అక్క కూతురు, నాలుగేళ్ళది, మా బావతో ఫోన్‌లో మాట్లాడుతూ అచ్చం అలాగే తల ఊపుతోంది. వీడియో కాల్ కూడా కాదు. రోజూ చూసేదే. పుస్తకంలో ఉన్న "అహం కేంద్రవాదం" (తనకు కనిపించేదే ఎదుటివాళ్ళకీ కనిపిస్తుందనుకోవడం) అన్న మాట, మా హాల్లో ఊగుతున్న ఆ తల, రెండూ ఒకటేనని నాకు తట్టలేదు. కోచింగ్‌లో చెప్పే ఉంటారు, నోట్సు రాసుకునే హడావిడిలో నేనే విని ఉండను.

ఆ తర్వాత చదివే పద్ధతి మార్చాను. ఆ పద్ధతే ఇక్కడ చెబుతున్నాను. టెట్‌లో 150కి 30 మార్కులు ఈ సబ్జెక్టు ఉన్న విభాగానివే కాబట్టి పరీక్షకు పనికొస్తుంది, పరీక్ష లేకపోయినా ఇంట్లో చంటిపిల్లో, ఇంటర్ చదివే కుర్రాడో, పెద్దవాళ్ళో ఉంటే ఇంకా బాగా పనికొస్తుంది.

కిటుకు ఒక్కటే. వయసు చూడకండి, మనిషి చేసే తప్పు చూడండి. ఇది నేను కనిపెట్టింది కాదు. పియాజే స్విట్జర్లాండ్ మనిషి, 1920 ప్రాంతంలో పారిస్‌లో పిల్లల తెలివితేటల పరీక్షలు సరిచూసే పనిలో కుదిరాడు. ఎవరికి ఎన్ని మార్కులొచ్చాయో లెక్కేయడం ఆయన పని. ఆయన మాత్రం తప్పు జవాబుల దగ్గర ఆగిపోయాడు, ఎందుకంటే ఒక వయసు పిల్లలంతా ఒకే రకం తప్పు చేస్తున్నారు. ఒక్కో పిల్లాడు ఒక్కోలా తప్పు చేస్తే అది పొరపాటు, అందరూ ఒకేలా చేస్తే దాని వెనక ఒక ఆలోచనా పద్ధతి ఉన్నట్టే కదా. దశల సిద్ధాంతానికి విత్తనం అక్కడే పడింది.

పని మొదలుపెట్టడానికి ఒక పాత నోట్‌బుక్ చాలు. ఎడమ పేజీలో చూసింది చూసినట్టు, అన్నది అన్నట్టు రాయండి. కుడి పేజీ సాయంత్రం దాకా ఖాళీగా ఉంచండి, భావన పేరు అందులో రాయాలి. "పాప మొండిగా ఉంది" అని రాస్తే అది మీ అభిప్రాయం, ఎందుకూ పనికిరాదు. "చెప్పు తొడగబోతే చెయ్యి తోసేసి 'నేనే' అంది, పది నిమిషాలు పట్టింది, ఎడం చెప్పు కుడి కాలికేసుకుంది" అని రాస్తే సాయంత్రం దాని పక్కన "స్వయం ప్రతిపత్తి – సిగ్గు, సందేహం" అని ఎరిక్‌సన్ రెండో దశ పేరు దానంతటదే వచ్చి కూర్చుంటుంది. నా మొదటి వారం నోట్సంతా మొండి, అల్లరి, గారాబం అన్న మాటలే, మొత్తం చింపేశాను.

చంటిపిల్లల దగ్గర మన పెద్దవాళ్ళు సగం పని ముందే చేసిపెట్టారు. నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు, పలుకులకు చిలకలు. పాకినప్పుడు ఏం చేస్తారన్నది ఇంటింటికీ మారుతుంది, ఆ గొడవలోకి నేను వెళ్ళను. ఈ వరసని పట్టుకుని చూడండి. ముఖంలో నవ్వు, తర్వాత మెడ, వీపు, ఆ తర్వాత నడుము, ఆఖరికి కాళ్ళు. పుస్తకంలో దీన్నే శిరోపాదాభిముఖ వికాసం అంటారు, అంటే తల నుంచి కాళ్ళ వైపు. దానికి తోడు సమీప దూరస్థ వికాసం, అంటే ఒంటి మధ్య నుంచి చివరలకు: ముందు చెయ్యి మొత్తం విసిరి గిలక్కాయని కొడతాడు, తర్వాత గుప్పిట్లో పడతాడు, ఇంకొన్ని నెలలకు బొటనవేలు, చూపుడువేలు కలిపి నేల మీద మరమరం గింజ ఏరి నోట్లో పెట్టుకుంటాడు. వరస దాదాపు అందరికీ ఒకటే, వేగం మాత్రం ఎవరిది వాళ్ళది. పక్కింటి బాబుకి అరిసెలు ముందు పంచారని మన బాబు మీద బెంగ పెట్టుకోనక్కర్లేదు. అలాగని మరీ ఆలస్యం అనిపిస్తే మాత్రం నోట్‌బుక్ పక్కన పెట్టి పిల్లల డాక్టర్‌కి చూపించాలి, ఆ పని మనది కాదు.

ఆరేడు నెలల పిల్లాడు తాళాల గుత్తితో ఆడుతుంటే దాని మీద తువ్వాలు కప్పండి. చాలామంది ఆ వయసులో అది లేనట్టే ఊరుకుంటారు. ఇంకో రెండు మూడు నెలలాగి అదే ఆట ఆడితే తువ్వాలు లాగి పారేస్తారు. కంటికి కనపడకపోయినా వస్తువు ఉంటుందన్న ఈ ఎరుకే వస్తు స్థిరత్వ భావన. తర్వాత వచ్చిన బయార్జాన్ లాంటి పరిశోధకులు, చేత్తో వెతకలేని ఇంకా చిన్నపిల్లలు కూడా వస్తువు మాయమైతే ఎక్కువసేపు తేరిపార చూస్తారని చూపించారు. అంటే పియాజే అనుకున్నదానికంటే ముందే పిల్లలకు కొంత తెలుసు, చెయ్యి ఇంకా సాయం చేయదు అంతే. పుస్తకంలో వయసు అంకె కనిపించినప్పుడల్లా దాని పక్కన "సుమారు" అని పెన్సిల్‌తో రాసుకోండి.

అనుబంధం గురించి తెలుసుకోవాలంటే జూన్ నెలలో బడులు తెరిచిన వారం, ఏ నర్సరీ గేటు దగ్గరైనా పావుగంట నిలబడితే చాలు. అందరూ పొద్దున ఏడుపులే చూస్తారు. "మీవాడు ఏడవలేదు, ఎంత బుద్ధిమంతుడో" అంటారు. మేరీ ఐన్స్‌వర్త్ బాల్టిమోర్‌లో ఏడాది పిల్లల మీద చేసిన పరిశీలనలో, తల్లి గదిలోంచి వెళ్ళిపోయినప్పుడు ఏడ్చాడా లేదా అన్నదానికంటే, తిరిగొచ్చాక ఏం చేశాడన్నదే ఎక్కువ చెప్పింది. కాబట్టి మీరు గేటు దగ్గరికి మధ్యాహ్నం వెళ్ళండి. గేటు తెరవగానే పరిగెత్తుకొచ్చి చంకెక్కి, రెండు నిమిషాలు వెక్కి, తర్వాత వాటర్ బాటిల్ చూపించి కబుర్లు మొదలుపెట్టేవాడిది సురక్షిత అనుబంధం. అమ్మ వచ్చినా పట్టనట్టు మొహం తిప్పుకునేవాడు, చంకెక్కి కూడా కొడుతూ ఎంతకీ ఊరుకోనివాడు, వీళ్ళు వేరే రకాలు. ఒక్కరోజు చూసి ముద్ర వేయొద్దు. జ్వరం వచ్చి ఉండొచ్చు, నిద్ర చాలక ఉండొచ్చు.

ఇక మజ్జిగ ప్రయోగం. ఇది ఇంట్లో అందరూ చేయదగ్గది, నేను రెండుసార్లు చెడగొట్టింది కూడా. ఒకే రకం గ్లాసులు రెండు తీసుకుని సమానంగా మజ్జిగ పోసి, ఐదేళ్ళ పిల్లాడిని "రెండూ సమానమేనా" అని అడగాలి. అవునన్నాక అతని కళ్ళముందే ఒక గ్లాసులోది పొడుగాటి సన్నటి గ్లాసులోకి ఒంపి, ఇప్పుడెలా ఉందని అడగాలి. నేను మొదటిసారి వంటింట్లో స్టీలు గ్లాసులు తీసుకున్నాను. మజ్జిగ ఎంతవరకు ఉందో పైనుంచి తొంగి చూస్తే తప్ప కనపడదు, మా అక్క కొడుకు తొంగి చూసి, చూసి, విసుగొచ్చి తాగేశాడు. గాజు గ్లాసులు వాడండి.

రెండోసారి గాజువే. పొడుగు గ్లాసు చూపించి "ఇందులోనే ఎక్కువ, ఇది నాది" అన్నాడు, పరమానందంగా. పక్కనున్న ఎనిమిదేళ్ళ మా పెద్దమ్మ మనవరాలు "ఓరి పిచ్చోడా, ఇందాకటి మజ్జిగే కదా, మళ్ళీ ఇందులో పోస్తే అంతే వస్తాది" అంది. పియాజే దశల్లో రెండోదైన పూర్వ ప్రచాలక దశ, మూడోదైన మూర్త ప్రచాలక దశ ఒకే బల్ల దగ్గర కూర్చున్నాయి. వాడికి ఎత్తు ఒక్కటే కనిపిస్తోంది, వెడల్పు తగ్గిన సంగతి లెక్కలోకి రావట్లేదు. పదిలపరచుకొనే భావన, అంటే ఆకారం మారినా పరిమాణం మారదన్న ఎరుక, ఇంకా రాలేదని పుస్తకం అనేది దీన్నే. ఆ పిల్ల మనసులోనే మజ్జిగని వెనక్కి పోసి చూసింది, దాన్ని విపర్యయాత్మకత అంటారు. అమ్మలకు ఈ రహస్యం ఎప్పటినుంచో తెలుసు. ఒక దోసె చాలదని ఏడిస్తే అదే దోసెని ఆరు ముక్కలు చేసి పెడతారు, ఏడుపు ఆగిపోతుంది.

నేను చెడగొట్టింది ఎక్కడంటే, ఒంపకముందు "సమానమేనా" అని అడిగి, ఒంపాక మళ్ళీ అదే మాట అడిగాను. బడిలో టీచర్ అదే ప్రశ్న రెండోసారి అడిగితే మొదటి జవాబు తప్పని కదా పిల్లలకు అర్థం. మీరు చిన్నప్పుడు లెక్క చెప్పాక మాస్టారు "ఏంటీ?" అని మళ్ళీ అడిగితే ఏం చేశారు? జవాబు మార్చేశారు. 1974లో రోజ్, బ్లాంక్ అనే ఇద్దరు దీన్నే పరీక్షించారు. వాళ్ళు వాడింది మజ్జిగ కాదు, వరసగా పేర్చిన బిళ్ళలు. వరస మార్చాక ఒక్కసారే అడిగితే పిల్లలు తక్కువ తప్పులు చేశారు. కాబట్టి మీరు కూడా ముందు ఏమీ అడక్కండి, పోయడం చూపించి, ఒంపి, ఆ తర్వాత ఒక్కసారే అడగండి. తప్పు పిల్లాడిదా, ప్రశ్నదా అన్నది కూడా చూడాలి.

ఆర్కే బీచ్‌కి తీసుకెళ్తే ఇంకో రెండు భావనలు ఊరికే దొరుకుతాయి. మురీ మిక్చర్ పొట్లం చేతిలో పెట్టి, అలలు ఎందుకొస్తున్నాయని అడగండి. "మనల్ని పట్టుకోడానికి" అని మావాడి జవాబు. ప్రాణం లేనివాటికి ప్రాణం, ఉద్దేశం అంటగట్టడం, సర్వాత్మ వాదం. తిరుగు ప్రయాణంలో బండి మీద కూర్చుని "చందమామ మనింటికే వస్తున్నాడు" అంటే దాన్ని కూడా రాసుకోండి, పియాజే పిల్లల దగ్గర ఈ మాటే విని ప్రత్యేకంగా రాసుకున్నాడు. నవ్వి సరిదిద్దకండి. ఇంకో వీధిలో ఉన్న మీ తమ్ముడింటికి కూడా వస్తున్నాడా అని అడగండి, ఆ మొహంలో వచ్చే తికమక చూడండి. పాత అవగాహనలో ఇమడని విషయం తగిలింది. దాన్ని పాతదాంట్లోనే ఎలాగో సర్దేస్తే సాంశీకరణం, పాత అవగాహననే మార్చుకుంటే అనుగుణ్యం. ఈ రెండు మాటల తేడా నాకు ఏడాదిపాటు ఎక్కలేదు, బీచ్ రోడ్డు మలుపులో ఎక్కింది.

పియాజే పుట్టిన 1896లోనే వైగోట్‌స్కీ కూడా పుట్టాడు, కానీ క్షయతో 37 ఏళ్ళకే పోయాడు. ఈయన్ని అర్థం చేసుకోవాలంటే ధనుర్మాసంలో ముగ్గు దగ్గర కూర్చోవాలి. మా అమ్మ మొదటి రోజు అక్క కూతురి వేలు పట్టుకుని పిండి జార్చడం నేర్పింది. వారానికి చుక్కలు తను పెట్టి, గీతలు దానికి వదిలేసింది. సంక్రాంతి దగ్గరికొచ్చేసరికి గుమ్మంలో కాఫీ గ్లాసుతో నిలబడి "అటు కాదే, ఆ చుక్క చుట్టూ" అని మాటతోనే సరిపెట్టింది. ఒక్కతే వేయలేదు, సాయం ఉంటే వేయగలదు, ఆ మధ్యన ఉన్న జాగానే సామీప్య వికాస మండలం. అవసరానికి ఊతమిచ్చి మెల్లగా తీసేయడాన్ని స్కఫోల్డింగ్ అంటారు. ఇల్లు కట్టేటప్పుడు కట్టే పరంజా లాంటిదే, గోడ నిలబడ్డాక విప్పేస్తాం. ఆ మాటని వైగోట్‌స్కీకి అంటగడుతుంటారు గానీ, దాన్ని వాడుకలోకి తెచ్చింది 1976లో వుడ్, బ్రూనర్, రాస్. ఇంకోటి గమనించండి, ముగ్గు వేస్తూ పిల్ల తనలో తాను "ఇలా వచ్చి, ఇలా తిరిగి" అనుకుంటూ ఉంటుంది. పియాజే దీన్ని ఎదుటివాళ్ళ సంగతి పట్టని మాట అన్నాడు, వైగోట్‌స్కీ మాత్రం పనిని నడిపించుకునే మాట అన్నాడు, అదే తర్వాత లోపలి ఆలోచన అవుతుందని. నా ఓటు వైగోట్‌స్కీకి. ముగ్గు కష్టమైన చోటే ఆ గొణుగుడు పెరుగుతుంది, మీరే చూడండి.

కోల్‌బర్గ్ పట్టుకున్నది నైతిక వికాసం, అంటే మంచిచెడుల ఆలోచన ఎలా ఎదుగుతుందన్నది, దీని గురించి ఎక్కువ చెప్పను. జగదాంబ దగ్గర ఎర్రలైటు పడ్డప్పుడు వెనక కూర్చున్నవాళ్ళని "ఎందుకు ఆగాలి" అని అడగండి. "పోలీసు పట్టుకుంటాడు", "చూసినవాళ్ళు ఏమనుకుంటారు", "అందరూ ఇలాగే దూరితే ఊరు నడవదు". ముగ్గురూ ఆగాలనే అన్నారు, కారణాలు మాత్రం మూడు మెట్ల మీద ఉన్నాయి. ఆయన చూసింది ఆ కారణాన్నే. ఆయన మొదటి పరిశీలన అంతా మగపిల్లల మీదేనని, 1982లో కరోల్ గిలిగాన్ తప్పుపట్టింది. పరీక్షలో అడుగుతారు, గుర్తుంచుకోండి.

టీనేజ్ దగ్గరికొచ్చేసరికి కాస్త ఆగాలి, ఎందుకంటే మన ఊళ్ళో ఈ దశని అసలు దశగానే చూడం, ఎంపీసీ, బైపీసీ మధ్య ఒక మలుపుగా చూస్తాం. ఎరిక్‌సన్ ఇక్కడ పాత్ర గుర్తింపు – పాత్ర సందిగ్ధం అన్నాడు, అంటే నేనెవరిని అన్నది తేలడం, తేలకపోవడం. ఆయనకి ఇది పుస్తకంలో విషయం కాదు. కన్నతండ్రి ఎవరో తెలియకుండానే పెరిగాడు, ఎరిక్‌సన్ అన్న ఇంటిపేరు తనే పెట్టుకున్నాడు. జేమ్స్ మార్షియా 1966లో ఈ దశని పరిశీలించడానికి రెండే ప్రశ్నలు పట్టుకున్నాడు: దారుల కోసం వెతికి చూశావా, ఒకదానికి కట్టుబడ్డావా. వెతికి కట్టుబడితే గుర్తింపు సాధించినట్టు. ఇంకా వెతుకుతూనే ఉంటే అది విరామం. వెతకనూలేదు, కట్టుబడనూలేదు అంటే చెదిరిన స్థితి. వెతక్కుండానే కట్టుబడితే? మా పిన్ని కొడుకుని అడిగాను.

"ఏమవుతావురా?"

"సాఫ్ట్‌వేర్, అక్కా."

"ఎందుకు?"

"ఏటి ఎందుకు? నాన్న చెప్పారు కదా."

టకటకా చెప్పేశాడు, కంగారే లేదు. మార్షియా చెప్పిన ముందే మూసుకుపోయిన గుర్తింపు ఇదే. పైకి ఇది అన్నిటికంటే ప్రశాంతంగా కనిపిస్తుంది, అందుకే ఇంట్లో అందరికీ నచ్చుతుంది. రోజుకో మాట మాట్లాడుతూ, ఓ వారం ఫొటోగ్రఫీ, ఓ వారం నేవీ అనేవాడే దారి తప్పినవాడిలా కనిపిస్తాడు, నిజానికి వాడు వెతుకుతున్నాడు. అమ్మానాన్నలకు నేను చెప్పేది ఒకటే, "ఏమవుతావు" అని అడగడం తగ్గించి, "ఏమేం చూశావు" అని అడగండి. మొటిమ వచ్చిందని పెళ్ళికి రానని తలుపేసుకుంటే తిట్టకండి, లోకమంతా తననే చూస్తోందనిపించడం ఆ వయసు తప్పు. డేవిడ్ ఎల్‌కైండ్ 1967లోనే దానికి ఊహాజనిత ప్రేక్షకులు అని పేరు పెట్టాడు.

పద్దెనిమిది దాటి పాతికలోపు వాళ్ళని జెఫ్రీ ఆర్నెట్ 2000లో ఒక ప్రత్యేక దశగా చూడమన్నాడు, ఇంకా పూర్తి పెద్దవాళ్ళు కాదు, పిల్లలూ కాదు. రుషికొండ, మధురవాడ వైపు హాస్టళ్ళలో ఉండే ఉద్యోగస్తులని చూస్తే సరిగ్గానే అన్నాడనిపిస్తుంది. అదే వయసులో హార్బర్‌లో బోటెక్కి ఇల్లు నడిపే కుర్రాడిని చూస్తే మాత్రం ఈ దశ డబ్బూ చదువూ ఉన్నవాళ్ళకేనా అనిపిస్తుంది. ఎరిక్‌సన్ దశల్లో ఆ తర్వాత సాన్నిహిత్యం – ఏకాంతం, నడివయసులో ఉత్పాదకత – స్తబ్దత. ఉత్పాదకత అంటే పిల్లల్ని కనడం అని చాలామంది రాస్తారు, అది చాలదు, తర్వాతి తరానికి ఏదైనా అందించడం. స్టీల్ ప్లాంట్‌లో కొత్తగా చేరిన అప్రెంటిస్ కుర్రాళ్ళకు పని నేర్పడానికి షిఫ్టు అయ్యాక కూడా అరగంట ఆగే మనిషికి పిల్లలు లేకపోయినా ఉత్పాదకత ఉన్నట్టే.

"మొక్కై వంగనిది మానై వంగునా" అన్న సామెత ఈ సబ్జెక్టులో కొంత ఇబ్బంది పెడుతుంది. జీవితకాల వికాసం గురించి పనిచేసిన పాల్ బాల్టెస్, మార్పు చిన్నప్పుడే ఆగిపోదు, ప్రతి వయసులోనూ వచ్చేదీ ఉంటుంది, పోయేదీ ఉంటుంది అన్నాడు. ఆయన చెప్పిన ఎంపిక, మెరుగు, సర్దుబాటు అన్న మూడు మాటలకు పియానో వాద్యకారుడు రూబిన్‌స్టైన్‌ని ఉదాహరణగా చెబుతారు. ముసలితనంలో తక్కువ పాటలు ఎంచుకుని, వాటినే ఎక్కువ సాధన చేసి, వేగంగా వాయించాల్సిన చోటికి ముందు కాస్త నెమ్మదించి, ఆ తర్వాతది వేగంగా వినిపించేలా చేసేవాడట. నాకు మా అత్తయ్య ఆవకాయ చాలు. ఒకప్పుడు నాలుగు రకాలు పెట్టేది, ఇప్పుడు బెల్లం ఆవకాయ, మామూలు ఆవకాయ రెండే. పొద్దున ఎండెక్కకముందే, ఒంట్లో ఓపిక ఉండగానే కలుపుతుంది. కత్తిపీట పక్కన పెట్టి, రైతు బజార్‌లోనే ముక్కలు కొట్టించుకొస్తుంది. రుచి తగ్గలేదు. చెయ్యి నొప్పి కూడా తగ్గలేదనుకోండి, అది వేరే సంగతి.

పెద్దవాళ్ళ దగ్గర పరిశీలనలో పెద్ద పొరపాటు ఒకటి చేస్తాం. మా అత్తయ్యకు ఫోన్‌తో డబ్బులు కట్టడం రాదు కాబట్టి "వయసైపోతే కొత్తవి ఎక్కవు" అని రాశాను. అదే రైతు బజార్‌లో, ఆవిడ ఈడు ఆవిడే, తోటకూర కట్టలమ్మే మామ్మ, స్కానర్ అట్ట ముందుకు జరిపి, డబ్బులు పడ్డాయని పెట్టె గట్టిగా చెప్పేదాకా సంచి చేతికివ్వలేదు. కుడి పేజీలో రాసింది కొట్టేశాను. ఇరవై ఏళ్ళవాళ్ళనీ డెబ్భై ఏళ్ళవాళ్ళనీ ఒకే రోజు పక్కపక్కన నిలబెట్టి పోలిస్తే తేడా వయసుదా, వాళ్ళు పెరిగిన కాలానిదా, చేసే పనిదా తెలియదు. దాన్ని విడదీయడానికే ఒకే మనుషుల్ని ఏళ్ళ తరబడి చూసే అనుదైర్ఘ్య పద్ధతి కావాలి. వార్నర్ షాయీ 1956లో సియాటిల్‌లో మొదలుపెట్టింది అలాంటిదే. కొత్త చిక్కుముళ్ళు చకచకా విప్పే వేగం తగ్గుతుంది గానీ, మాటలు, అనుభవం, లోకజ్ఞానం చాలాకాలం నిలుస్తాయి. ఫోన్ పాస్‌వర్డ్ మర్చిపోయే అత్తయ్యే మూడు తరాల చుట్టరికాలు గుక్క తిప్పుకోకుండా చెబుతుంది.

ఆఖరి దశకి నోట్‌బుక్ కంటే ఓపిక ఎక్కువ కావాలి. మా తాతయ్య సాయంత్రం టీ తాగేటప్పుడల్లా 1966 ఉక్కు ఉద్యమం చెబుతారు. ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు, ఆయన మొదలుపెట్టగానే ఒకరు టీవీ సౌండ్ పెంచుతారు. చెప్పిందే చెప్పడం మతిమరుపు అనుకుని ఊరుకోకండి. రాబర్ట్ బట్లర్ 1963లో దీన్ని జీవిత సమీక్ష అన్నాడు, మనిషి తను బతికిందంతా ఒకసారి సర్దుకుంటున్నాడని. ఎరిక్‌సన్ ఎనిమిదో దశ, సమగ్రత – నిరాశ, జరిగే చోటు అదే. ఎలా చూడాలంటే, కథ ప్రతిసారీ తారీఖు వేసి రాయండి, ఏది మారిందో పోల్చండి. నా దగ్గర పదకొండుసార్లు రాసింది ఉంది. తొమ్మిదోసారి దాకా తాతయ్యా, జనం, పోలీసులూ, అంతే. పదోసారి ఊరేగింపులో పక్కన నడిచిన స్నేహితుడొకడు వచ్చాడు, తర్వాత స్థలం గొడవలో మాటలు మానేసినవాడట, ఆ పేరు మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు. పదకొండోసారి, టీ గ్లాసు కింద పెట్టి, వాడి ఇల్లు ఇప్పటికీ కంచరపాలెంలోనే ఉందా, కనుక్కోగలవా అని నన్ను అడిగారు.